తూము తాళం ఎవరి చేతిలో?

సరిహద్దు జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళకు ఒక సంగతి చిన్నప్పుడే తెలిసిపోతుంది. దారి మారదు, దాని మీద చెల్లే ఆజ్ఞ మారుతుంది. బళ్ళారి నుంచి డి.హీరేహాళ్ వైపు పోయి చూడండి. అదే నేల, అవే తుమ్మచెట్లు, అదే ఎండ. ఊరి పేరు కన్నడం, రాష్ట్రం ఆంధ్ర. 1953లో మిశ్రాగారి నివేదిక తర్వాత ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరుకు వచ్చింది. ఆ గీత నేల మీద ఎక్కడా కనబడదు. రేషను కార్డులో కనబడుతుంది, బడిలో కనబడుతుంది, కచేరీలో అర్జీ రాయవలసి వచ్చినప్పుడు కనబడుతుంది. ఇప్పుడు ఇంకొక చోట కూడా ఉంది. మన చేతిలో ఉన్న ఫోను వెనక, మనకు కనబడని యంత్రాల్లో, ఒక పట్టికలో ఒక వరుసగా ఉంది. ఈ నాలుగు మాటలూ ఆ వరుస గురించి.

నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా అక్క కొడుకు బెంగుళూరులో నెట్‌వర్కుల పనిలో ఉన్నాడు. వాడి ఉద్యోగానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరుంది. తెలుగులో చెప్పుకుంటే, ప్రోగ్రాములు రాసి నడిపించే కంప్యూటర్ నెట్‌వర్కులను సంబాళించడం. పండక్కి వచ్చినప్పుడు ఒకసారి అడిగాను.

“ఏమప్పా, తీగెలుంటాయి, పెట్టెలుంటాయి. ఒకసారి బిగిస్తే వాటి పాటికి అవి నడుస్తాయి. దాంట్లో రోజూ రాసేదేముంది?”

“తీగె ఎవరైనా లాగొచ్చు మామా. వచ్చినదాన్ని యాడికి తిప్పాలో చెప్పేదే మా పని” అన్నాడు.

ఆ మాట వినగానే నాకు మా పాత ట్రంకు బోర్డు గుర్తుకొచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గుంతకల్లుకు మాట్లాడాలన్నా, మద్రాసుకు మాట్లాడాలన్నా ట్రంకు కాల్ బుక్ చేసుకోవలసిందే. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు తరగతులు. డబ్బును బట్టి వరుస. బోర్డు ముందు కూర్చున్న ఆపరేటరమ్మ చెవికి యంత్రం తగిలించుకుని, కార్డు తీసి జాక్‌లో గుచ్చేది. పైకి చూస్తే అంతే పని. కానీ ఆమెకు ఊరంతా తెలుసు. “డాక్టరు గారు ఈ వేళప్పుడు ఇంట్లో ఉండరండీ, ఆస్పత్రికి కలుపుతాను” అనేది. గొంతు వినగానే కన్నడమా, తెలుగా, ఉర్దూవా పసిగట్టి ఆ భాషలోనే పలికేది. చావు కబురు అని తెలిస్తే, ఆర్డినరీలో ఉన్నవాణ్ణి కూడా ముందుకు జరపడానికి సూపర్‌వైజరును అడిగేది. ఇంత తెలివి ఇంట్లో ఉన్న ఫోనులో లేదు, మధ్యలో కూర్చున్న మనిషిలో ఉంది.

మధ్యలో తెలివి ఉంటే మేలు ఎంత ఉందో, కీడూ అంతే ఉంది. దీనికి టెలిఫోన్ వాళ్ళందరూ చెప్పుకునే కథ ఒకటుంది. అమెరికాలో కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అనే ఆయన శవసంస్కారాల వ్యాపారం చేసేవాడు. ఊళ్ళో అదే వ్యాపారం చేసే ఇంకొకడి భార్య టెలిఫోన్ ఆపరేటరట. చావు జరిగిన ఇంటివాళ్ళు ఫోను చేస్తే ఆమె తన భర్తకే కలుపుతోందని స్ట్రౌజరుకు అనుమానం. కథలో ఎంత నిజమో గానీ, 1891లో ఆయనకు వచ్చిన పేటెంటు మాత్రం నిజం. ఆపరేటరు అవసరం లేకుండా, తిప్పిన అంకెను బట్టి తనంతట తానే కలిపే యంత్రం అది. ఆ యంత్రానికి చుట్టరికం లేదు, పక్షపాతం లేదు. కానీ డాక్టరు ఇంట్లో లేడన్న సంగతీ దానికి తెలియదు.

తర్వాత ఎలక్ట్రానిక్ ఎక్స్చేంజీలు వచ్చాయి. 1984లో సి-డాట్ సంస్థ పెట్టారు. వారు మన పల్లెల ఎండకూ దుమ్ముకూ తట్టుకునేలా, ఎయిర్ కండిషన్ అక్కరలేకుండా తయారుచేసిన చిన్న ఎక్స్చేంజీని 1986లో మన కర్ణాటకలోనే, కిత్తూరులో పెట్టారు. అందులో కలిపే పని చేసేది లోపల రాసిపెట్టిన ప్రోగ్రాము. ప్రోగ్రాము మారిస్తే ఎక్స్చేంజీ నడత మారుతుంది. ఇనుము మార్చనక్కరలేదు.

ఇంటర్నెట్టును కట్టినవాళ్ళు మాత్రం ఇంకో దారి పట్టారు. మధ్యలో ఉండే యంత్రాలు వీలైనంత మొద్దుగా ఉండాలి, తెలివంతా రెండు కొసల్లో ఉన్న కంప్యూటర్లలో ఉండాలి అన్నది వారి సూత్రం. మనం పంపే సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోతుంది. ప్రతి ప్యాకెట్టు మీదా చిరునామా. దారిలో ఉన్న రూటరు చిరునామా చూసి తర్వాతి మజిలీకి విసురుతుంది. లోపల ఏముందో దానికి అనవసరం. మన తపాలా బంట్రోతు ఉత్తరం విప్పి చదవడు కదా, అట్లాగే. ఈ మొద్దుతనమే ఇంటర్నెట్టుకు బలమైంది. ఎవరి అనుమతీ లేకుండా ఎవరైనా కొత్త పని మొదలుపెట్టగలిగారు.

అయితే 1990ల నడిమిలో కొందరికి ఈ మొద్దుతనం చాలదనిపించింది. అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పా డబ్బు పెట్టింది. ఎం.ఐ.టి.లో డేవిడ్ టెన్నెన్‌హౌస్, డేవిడ్ వెథరాల్ వంటివారు ‘క్రియాశీల నెట్‌వర్క్’ అనే ఆలోచనను ముందుకు తెచ్చారు. ఉత్తరంతో పాటు ఒక చీటీ కూడా పోతుందన్నమాట. “ఈ మజిలీలో ఉన్న యంత్రము ఈ చీటీ చదివి, ఇందులో చెప్పినట్టు చేయవలెను” అని. ఒకే సినిమాను వెయ్యి ఇళ్ళకు పంపాలంటే మూలం నుంచి వెయ్యి ప్రతులు బయలుదేరనక్కరలేదు. దారి చీలే చోటికి ఒక్కటి వచ్చి, అక్కడ రెండవుతుంది. దారిలో రద్దీ ఎక్కువైతే ఏది వదిలేసినా ఫర్వాలేదో చీటీయే చెబుతుంది.

ఆలోచన బాగుంది. కానీ ఎవరి చీటీకి లొంగాలి? దారిన పోయే ప్రతివాడి చీటీ చదివి దాని ప్రకారం నడిస్తే యంత్రం గతేమిటి? తన ప్రతులను తానే పుట్టించుకుంటూ పోయే దొంగ చీటీ వస్తే? వెథరాల్ వాళ్ళు దీనికి ఉపాయం ఆలోచించారు. ప్రతి చీటీకి ముందే కొంత ఖర్చు కేటాయిస్తారు. మజిలీ మజిలీకీ అది తగ్గుతుంది. చీటీ పిల్లలు పెడితే ఆ మిగిలినదాంట్లోనే పంచుకోవాలి. అయినా కంపెనీలు తమ రూటర్ల తలుపులు బయటివాళ్ళ ప్రోగ్రాములకు తెరవడానికి సాహసించలేదు. ఆ ఆలోచన చాలా మటుకు కాగితాల్లోనే నిలిచిపోయింది.

ఇంతలో ఇంకొక చిక్కు. వేలకొద్దీ యంత్రాలు ఉన్నప్పుడు వాటి క్షేమసమాచారాలు తెలుసుకోవడం ఎట్లా? 1988లో వచ్చిన పద్ధతి ప్రకారం పైన కూర్చున్న కంప్యూటరు ప్రతి యంత్రాన్నీ పదే పదే “ఎట్లున్నావు? ఎట్లున్నావు?” అని అడుగుతుంది. యంత్రాలు పెరిగేకొద్దీ ఈ పలకరింపులే బరువైపోతాయి. 1991లో కొలంబియా విశ్వవిద్యాలయంలో యెహియమ్ యెమినీ బృందం తిరగేసి ఆలోచించింది. అడగడం ఎందుకు? కాపలా కాసే ప్రోగ్రామునే ఆ యంత్రం దగ్గరికి పంపేద్దాం. అది అక్కడే కూర్చుని చూస్తుంది, చేతనైనది అక్కడే సరిచేస్తుంది, చేతకానప్పుడే కబురు పెడుతుంది.

ఇది చెబితే మా అల్లుడితో అన్నాను, “ఇది మన లష్కరే కదప్పా” అని. మన కాలువల మీద లష్కర్లుంటారు. ఇంజినీరు గంట గంటకూ వచ్చి చూడడు. “నీళ్ళు ఈ గీత దాటితే తూము ఇంత దించు, అప్పటికీ ఆగకపోతే కబురు పంపు” అని చెప్పి పోతాడు. వాడు నవ్వి, “అయితే మా కొత్త సంగతి కూడా నీకు తెలిసే ఉంటుంది మామా” అని చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ కొత్త సంగతి 2008లో స్టాన్‌ఫర్డ్‌లో నిక్ మెక్యూన్ వాళ్ళు బయటపెట్టిన ‘ఓపెన్‌ఫ్లో’. అంతకు ముందు ప్రతి రూటరూ పక్కవాళ్ళను అడిగి దారి తానే నిర్ణయించుకునేది. మోసేదీ అదే, నిర్ణయించేదీ అదే. వీళ్ళు ఆ రెంటినీ విడదీశారు. మోసే యంత్రాల్లో ఒక పట్టిక మాత్రం ఉంటుంది: ఇట్లాంటిది వస్తే ఇట్లా చెయ్యి. ఆ పట్టికను నింపేది వేరే చోట కూర్చుని మొత్తం నెట్‌వర్కును ఒకేసారి చూడగలిగే కంట్రోలరు. గూగుల్ తన డేటా కేంద్రాల మధ్య దారులను ఈ పద్ధతిలో నడుపుతున్నట్టు 2012లో ప్రకటించింది. 2014లో ‘పి4’ అనే భాష వచ్చింది. దానితో యంత్రం ప్యాకెట్టును ఎట్లా చదవాలో కూడా మనమే రాయవచ్చు.

తుంగభద్ర నీళ్ళు తాగినవాళ్ళకు ఇది కొత్త కాదు. 1953లో ఆనకట్ట నీళ్ళు వదిలారు. అదే ఏడు మన ప్రాంతం చీలింది. కుడివైపు ఎగువ కాలువ, దిగువ కాలువ రెండూ కర్ణాటకలో మొదలై ఆంధ్రలోకి పోతాయి. పై వాళ్ళ చేతిలో తూము ఉంటే కింది వాళ్ళ గతేమిటి? అందుకని ఆ ఏడే తుంగభద్ర బోర్డు పెట్టారు. రాష్ట్రాలు తమకు ఇన్ని నీళ్ళు కావాలని ఇండెంటు పెడతాయి, బోర్డు లెక్క చూసి వదులుతుంది. కాలువ మోస్తుంది, బోర్డు నిర్ణయిస్తుంది. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చేసిన విభజనను మనవాళ్ళు యాభై అయిదేళ్ళ ముందే నీటి విషయంలో చేశారు. కారణం సరిహద్దు. బోర్డు ఉన్నంత మాత్రాన ఆయకట్టు చివరి రైతు కష్టం తీరిందా అంటే, తీరలేదు. కానీ తాళం ఎవరి దగ్గరుందో ఆ రైతుకు తెలుసు. ఎవరిని నిలదీయాలో తెలుసు. ధర్నా ఏ గేటు ముందు చేయాలో తెలుసు.

నెట్‌వర్కుల్లో ఆ తెలివిడి మనకు లేదు. అక్కడ ఒక వరుస తప్పితే ఏమవుతుందో రెండు సంఘటనలు చెబుతాను.

2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ ప్రభుత్వం తమ దేశంలో యూట్యూబ్ కనబడకూడదని ఆదేశించింది. అక్కడి టెలికం సంస్థ తన పట్టికలో ఒక వరుస చేర్చింది: యూట్యూబ్ చిరునామాకు పోయే ప్యాకెట్లన్నీ మా దగ్గరికే, ఇక్కడ పారేస్తాం అని. దేశం లోపల ఉండవలసిన ఆ వరుస పొరపాటున బయటికి పొక్కింది. రూటర్లకు ఒక నియమం ఉంది. “బళ్ళారి” అని ఒక దారి, “బళ్ళారి, కౌల్ బజార్” అని ఇంకో దారి కనబడితే, సూక్ష్మంగా చెప్పినదాన్నే నమ్ముతాయి. పాకిస్తాన్ ప్రకటించిన చిరునామా యూట్యూబ్ ప్రకటించినదానికన్నా సూక్ష్మంగా ఉంది. ప్రపంచంలో చాలా భాగం యూట్యూబ్ కోసం పాకిస్తాన్‌కు పోయింది. రెండు గంటలపాటు ఇదే తంతు. సరిహద్దు లోపలికని రాసిన ఆజ్ఞకు సరిహద్దు ఎక్కడుందో తెలియదు మరి.

రెండోది మీకందరికీ గుర్తుండే ఉంటుంది. 2021 అక్టోబరు 4 రాత్రి, మనకు తొమ్మిది దాటాక, వాట్సప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఒక్కసారిగా ఆగిపోయాయి. మా వీధిలో ప్రతివాడూ తన ఫోనే పాడైందనుకుని ఆర్పి వెలిగించాడు. జరిగిందేమిటంటే, ఆ కంపెనీ ఇంజినీర్లు మరమ్మత్తు పనిలో తమ ప్రధాన దారుల సామర్థ్యం కొలవడానికి ఒక ఆజ్ఞ ఇచ్చారు. ఆ ఆజ్ఞ దారులన్నిటినీ తెంచేసింది. ఇట్లాంటి ఆజ్ఞలను ఆపడానికి పెట్టిన ప్రోగ్రాములోనే లోపం ఉండి అది ఆపలేదు. బాగుచేద్దామంటే, దూరం నుంచి బాగుచేసే పనిముట్లు కూడా ఆ తెగిన దారుల మీదే ఆధారపడి ఉన్నాయి. మనుషులు నేరుగా కేంద్రాలకు పోయి లోపలికి అడుగుపెట్టడానికే చాలాసేపు పట్టింది. మొత్తం ఆరు గంటలు.

దీని పక్కన మన ఆనకట్టను పెట్టి చూడండి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. 33 గేట్లున్న ఆనకట్ట. నిండు చెరువులా జలాశయం. మిగతా గేట్లు తెరిచి ఒత్తిడి తగ్గించారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చారు, వారం తిరిగేసరికి ప్రవాహంలోనే స్టాప్‌లాగ్ దించి అడ్డుకట్ట వేశారు. ఎంతో నీరు పోయింది, నిజమే. కానీ మరమ్మత్తుకు పోవలసిన దారి నీళ్ళలో లేదు, ఆనకట్ట పైన ఉంది. మనిషి నడిచి పోగలిగాడు. “సంబాళించే దారి, సంబాళించబడే దాని గుండా పోకూడదు. మాకు ఇదే మొదటి పాఠం మామా” అన్నాడు మావాడు.

ఇక మన పట్టికలోని వరుస సంగతికి వస్తాను. సెల్‌ఫోన్లు వచ్చాక దేశాన్ని సర్కిళ్ళుగా పంచారు. బళ్ళారి కర్ణాటక సర్కిలు, గుంతకల్లు ఆంధ్ర సర్కిలు. నడుమ యాభై కిలోమీటర్లు. గీత పక్క ఊళ్ళలో ఇంటి ముందు గదిలో ఒక రాష్ట్రం టవరు, వెనక గదిలో ఇంకో రాష్ట్రం టవరు. వంటింట్లో ఫోనెత్తితే రోమింగు. వచ్చిన ఫోనుకు కూడా డబ్బులు కట్టేవాళ్ళం. అల్లుణ్ణి పలకరించడానికి ముసలావిడ ముందుగదిలోకి రావడం నేను చూశాను. 2015 జూన్ 15 నుంచి బి.ఎస్.ఎన్.ఎల్. వారు రోమింగులో వచ్చే ఫోన్లకు డబ్బు తీసుకోవడం మానేశారు. తర్వాత మిగతా కంపెనీలూ మానేశాయి. ఒక్క టవరు కదల్లేదు, ఒక్క తీగె మార్చలేదు. పట్టికలో ఒక వరుస మారింది, అంతే. అంటే అన్నేళ్ళూ మనం కట్టిన డబ్బు దూరానికి కాదు, వరుసకు.

డబ్బుతో పోయేదైతే ఇంత చెప్పను. మా చిన్నాన్న కూతురు గీతకు ఇవతల, మన జిల్లాలోని ఒక పల్లెలో ఉంటుంది. ఒక రాత్రి ఆమె భర్తకు గుండెనొప్పి వచ్చింది. ఆంబులెన్సు నంబరుకు చేసింది. ఫోను అవతలి రాష్ట్రం టవరు పట్టుకుని ఉంది కాబట్టి కాల్ అవతలి రాష్ట్రం కేంద్రానికి పోయింది.

“ఏ జిల్లా అమ్మా?”

“బళ్ళారి.”

“అది మాకు రాదమ్మా. మీ రాష్ట్రం వాళ్ళకు చెయ్యండి.”

రెండు రాష్ట్రాలకూ నంబరు ఒకటే. మళ్ళీ చేస్తే మళ్ళీ అక్కడికే పోయింది. మూడోసారి ఆమె ఏడుస్తూ తెలుగులో బతిమాలింది. అవతలి అమ్మాయీ తెలుగులోనే, ఎంతో మర్యాదగా, తన దగ్గర కలిపే వీలు లేదని చెప్పింది. చివరికి పక్కింటివాళ్ళ టెంపోలో బళ్ళారి తెచ్చారు. మనిషి దక్కాడు.

మనం ఇక్కడ ఏళ్ళ తరబడి అడుగుతున్నదేమిటి? ఆపదలో అవతలి గొంతు మన భాషలో పలకాలని. ఆ రాత్రి పలికింది. భాష కలిసింది, పట్టిక కలవలేదు. ఆ అమ్మాయి తప్పు లేదు. టవరు తప్పూ లేదు. “ఈ టవరు నుంచి వచ్చింది ఆ కేంద్రానికి” అని ఎవరో ఎక్కడో రాసిన వరుస, రాసినట్టే పనిచేసింది. మా ట్రంకు బోర్డు ఆపరేటరమ్మ ఉంటే ఏం చేసేదో నాకు తెలుసు. “ఉండమ్మా, పెట్టెయ్యొద్దు, బళ్ళారికి కలుపుతాను” అనేది.

ఈ సంగతి మావాడికి చెప్పాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, “జిల్లా పేరు చెప్పగానే అవతలి కేంద్రానికి మార్చేట్టు రాయొచ్చు మామా. రాసేదానికి పది నిమిషాలు. రాయమని చెప్పే అధికారం ఎవరిదో తేలేదానికి పదేండ్లు” అన్నాడు. వాడు ఎగతాళిగా అనలేదు.

ప్రోగ్రాములకు లొంగే నెట్‌వర్కు వస్తే మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం అనవసరం. వచ్చేసింది. అది మంచి ఆపరేటరమ్మలాగా ప్రవర్తించాలా, కాన్సస్ సిటీ ఆపరేటరులాగా ప్రవర్తించాలా అన్నది రాసేవాడి చేతిలో ఉంది. రాసేవాడు బెంగుళూరులోనో, ఢిల్లీలోనో, ఇంకా దూరంలోనో ఉంటాడు. వాడి బల్ల మీద పటంలో మన పల్లె రెండు రంగుల మధ్య సన్నని గీత. ఆ గీత మీద మనుషులు పడుకుని ఉన్నారని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పడానికి ముందు, ఏ ఊళ్ళో ఏ వరుస ఎట్లా పనిచేస్తోందో మనకు తెలిసి ఉండాలి. నీటి విషయంలో మన పెద్దలు చేసింది అదే. గేజీ లెక్కలు చేత పట్టుకుని పోయారు కాబట్టే వారి మాట చెల్లింది.

అందుకని బళ్ళారివాళ్ళకే కాదు, హోసూరులో, రాయగడలో, సిరొంచలో ఉండి ఈ పత్రిక చదివేవారికి కూడా నాదొక మనవి. మీ ఇంట్లో, మీ పొలంలో, మీ బడి దగ్గర ఫోను ఏ రాష్ట్రం టవరు పట్టుకుంటోందో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆపద వేళ చేసిన కాల్ ఎవరికైనా దారి తప్పి ఉంటే తేదీ, వేళ, ఊరు రాసుకోండి. పది ఊళ్ళవి కలిపితే అది అర్జీ అవుతుంది. మా చిన్నాన్న కూతురు పల్లెతో కలిపి నాలుగు పల్లెల లెక్క నా దగ్గర ఉంది. రెండు జిల్లాల కలెక్టర్లకూ ఇవ్వడానికి రెండు ప్రతులు రాశాను: ఒకటి కన్నడంలో, ఒకటి తెలుగులో.